ముఖ్తార్ భాయికి ముడి అంటే పడదు

ముఖ్తార్ భాయి ఫోన్లో "హలో" అనగా నేనెప్పుడూ వినలేదు. అవతలివాళ్ళు ఫోనెత్తగానే ఆయన నోట వచ్చే మొదటి మాట, "రీబేస్ చేసినవా?" పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడానికి చేసినా అంతే. పండగనాడు మనమే చేసి ఈద్ ముబారక్ చెప్పినా, "ఖైర్ ముబారక్, రీబేస్ చేసినవా?" అంటాడు. ఒకసారి ఆయన భార్య జవేరియా ఆపా బేకరీ నుంచి ఫోన్ చేసి ఏ రొట్టె తెమ్మంటారని అడిగితే, అలవాటుకొద్దీ ఆవిడనీ అదే అడిగాడట. "చేసిన. రొట్టె ఏదో చెప్పండి," అందట ఆవిడ.

కంప్యూటర్ పని చేయనివాళ్ళకి కాస్త చెప్పాలి. మా టీమంతా కలిసి ఒకే ప్రోగ్రాం రాస్తాం. అసలుది సర్వర్ అనే ఉమ్మడి కంప్యూటర్లో ఉంటుంది, దాని నకలు ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ళకుంటుంది. నా నకల్లో నేను మార్పులు చేసి పైకి తోస్తాను. దాన్ని పుష్ అంటాం. ఈలోగా ఇంకెవరైనా తమ మార్పులు తోసి ఉంటే సర్వర్ నావి తీసుకోదు, ముందు వాళ్ళవి తెచ్చుకో అంటుంది. తొందరపడి ఊరికే తెచ్చుకున్నామా, వాళ్ళ దారినీ నా దారినీ కలుపుతూ మెర్జ్ కమిట్ అని ఒక ముడి దానంతటదే పడిపోతుంది. అలాకాక నా మార్పులు కాసేపు పక్కన పెట్టి, వాళ్ళవి ముందు పరిచి, వాటి మీద నావి పెట్టుకుంటే ముడి ఉండదు. అదే రీబేస్. ముడి పడినా ప్రోగ్రాం చక్కగానే నడుస్తుంది. కొంప మునిగేది ముఖ్తార్ భాయికి ఒక్కడికే.

ఆయనది హైదరాబాదు, మలక్‌పేట. చదువుకోసం జర్మనీ వచ్చి, జిండెల్ఫింగెన్‌లో కార్ల ఫ్యాక్టరీలకి సాఫ్ట్‌వేర్ రాసే ఓ చిన్న కంపెనీలో చేరి, అక్కడే జుట్టు నెరిపించుకున్నాడు. నేను కైసర్స్‌లౌటర్న్‌లో చదువు ముగించి 2020 వసంతంలో అదే కంపెనీలో చేరాను. చేరడమంటే, లాప్‌టాప్ పోస్టులో వచ్చింది. కరోనా వల్ల ఆఫీసుకి తాళం పడి ఉంది. జిండెల్ఫింగెన్‌లో ఒక గది, అందులో ఒక బల్ల, బల్ల ముందు నేను. మా తణుకులో మా ఇంటి వసారాలో నిలబడితే చాలు, దారినపోయేవాళ్ళంతా పలకరించేవాళ్ళు. ఇక్కడ రోడ్డు మీద ఎదురైన మనిషి నన్ను చూసి అవతలి పక్కకి దాటి వెళ్ళేవాడు.

మొదటి వారంలో మొదటి పుష్ చేశాను. చేసి టీ పెట్టుకుందామని లేచానో లేదో ఫోన్ మోగింది.

"రీబేస్ చేసినవా?"

"ఎవరండీ?"

"అది తర్వాత. చేసినవా, లేదా?"

"లేదేమోనండీ."

"లేదేమో కాదు, లేదు. గ్రాఫ్ తెరువు. నీ పేరు కాడ చూడు, గీతలు జడ అల్లినట్టు లేవూ?"

ఎవరి మార్పులు ఎటు సాగాయో గీతల్లో చూపించే ఆ బొమ్మ తెరిచి చూశాను. నిజమే, ఒక రంగు గీత పక్కకి పోయి వచ్చి మళ్ళీ కలిసింది. నాకైతే ముచ్చటగానే ఉంది. "కానీ పనిచేస్తోంది కదండీ?" అన్నాను.

అవతల మంచినీళ్ళు తాగిన చప్పుడు వినిపించింది.

"చూడు బిడ్డా. రేపు బ్రేకుల కాడ తప్పొచ్చిందనుకో. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చిన్రో ఎన్కకు నడుసుకుంట పోయి చూడాలె. తొవ్వ సీదాగ ఉంటె చూస్తం. అడుగడుక్కి ఉత్త ముడులే ఉంటె ఎటు పోతం? సర్లే. పొద్దున ఏం తిన్నవ్?"

"బ్రెడ్డు."

"బ్రెడ్డు తిని పుష్ చేస్తే గిట్లనే అయితది," అని పెట్టేశాడు.

అప్పట్లో నేను తరచూ ముడులు వేసేదాన్ని. వేసినప్పుడల్లా ఫోన్ మోగేది. తిట్లు సర్వర్ దగ్గర మొదలై, నా హీటర్ పనిచేస్తోందా లేదా అన్న దాని మీదుగా, టర్కీ వాళ్ళ కొట్లో దొరికే పుల్లటి ఆకుకూరతో పప్పు చేయొచ్చా అన్నదాకా వెళ్ళేవి. వెనకనుంచి ఆయన కూతురు జర్మన్లో "చాలు నాన్నా, చాలు!" అని అరిచేది. "నువ్వు రేపు నౌకరి చేసినప్పుడు తెలుస్తది నీకు," అని ఆయన తెలుగులో అరిచేవాడు. ఆ గొడవంతా విన్నాక ఫోన్ పెడితే నా గది ఇంకాస్త ఇరుగ్గా, ఇంకాస్త నిశ్శబ్దంగా అనిపించేది.

మా పైఅధికారి ఉల్రికె. రిటైర్మెంటుకి దగ్గరపడిన జర్మన్ ఆవిడ, ఒంటరి మనిషి. తన తప్పంటూ ఒక్కటి దొరకనివ్వదు. అయినా భాయి గోల వినీ వినీ "రీబేస్ చేసినా బాయ్" అని తెలుగులో చెప్పడం నేర్చుకుంది. వీడియో మీటింగు మొదలవగానే ఆవిడ ఆ మాటంటే మేమందరం నవ్వేవాళ్ళం. ఆవిడ తల్లి వృద్ధాశ్రమంలో ఉండేది. లోపలికి వెళ్ళనివ్వరు కాబట్టి ఆదివారాలు వెళ్ళి కిటికీ బయట నిలబడి చెయ్యి ఊపి వచ్చేది. ఆ చలికాలం తల్లి పోయింది. ఒక్క రోజు సెలవు పెట్టింది, మర్నాడు ఎప్పట్లాగే తెర మీదికి వచ్చింది. మేమేదో అనబోతే చెయ్యి అడ్డంపెట్టి, "కానివ్వండి, ఈ రోజు ఎవరేం చేస్తున్నారు?" అంది. ఆ తర్వాత ఆవిడ తెలుగు మాట వినబడలేదు. ఎవరం అడగనూ లేదు.

టీమ్‌లో మరో మనిషి శశికాంత్. హన్మకొండ కుర్రాడు. అంతకు రెండేళ్ళ ముందునుంచే ఎర్లాంగెన్‌లో ఉంటూ అక్కడినుంచే పనిచేసేవాడు. అతను ఒక్క ముడి వేసిన పాపాన పోలేదు. భాయి మమ్మల్ని తిట్టినప్పుడల్లా, "శశికాంత్‌ను చూసి నేర్సుకోండి. వాని తొవ్వ ఎంత సాఫుగ ఉంటదో!" అనేవాడు. తప్పు చేయడు కాబట్టి శశికాంత్‌కి భాయి ఫోనూ వెళ్ళేది కాదు. మీటింగులో "నమస్తే", "అయింది", "సరే", అంతే అతని మాటలు.

2021 ఏప్రిల్ వచ్చేసరికి మా అందరికీ ఒక చెయ్యి కీబోర్డు మీద, ఇంకో చెయ్యి వాట్సాప్ మీద. ఇండియాలో ఎవరికి ఆక్సిజన్ కావాలి, ఎక్కడ బెడ్డు ఖాళీ ఉంది, ఎవరు ఫోనెత్తడం లేదు, ఇవే మాటలు. విమానాలు ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు. మీటింగుల్లో ఎవరి కళ్ళు ఎందుకు ఎర్రగా ఉన్నాయో ఇంకొకరు అడిగేవాళ్ళు కాదు.

మే నెలలో ఒక సాయంత్రం గ్రాఫ్‌లో ముడి కనబడింది. పక్కన శశికాంత్ పేరు.

నేను నమ్మలేక రెండుసార్లు చూశాను. ఈలోగా భాయి అతనికి ఫోన్ చేసి ఉతికేశాడని తెలిసింది. మర్నాడు సాయంత్రం ఇంకో ముడి. ఆ మర్నాడూ అంతే. భాయి పాపం రోజూ దమ్ము చాలినంతసేపు తిట్టేవాడు. శశికాంత్ రోజూ "సరే భాయ్, ఇంకోసారి చెయ్య" అనేవాడు, మళ్ళీ చేసేవాడు. టీమ్ గ్రూపులో అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు, గురువు గారి ముఖ్యశిష్యుడు చెడిపోయాడని.

మీటింగులో ఉల్రికె ఆ సంగతి ఎత్తింది.

"ముఖ్తార్, ఇన్నేళ్ళుగా గొంతు చించుకుంటున్నావు. సర్వర్ సెట్టింగుల్లో ఒక్క టిక్కు పెడితే మెర్జ్ కమిట్లని అదే వెనక్కి కొట్టేస్తుంది. ఎందుకు పెట్టవు?"

భాయి ముఖం చూడాలి! "ఆ టిక్కు మంచిది కాదు," అన్నాడు.

"అంటే?"

"సర్వర్‌కి వేడి చేస్తది."

"టిక్కు పెడితే సర్వర్ వేడెక్కుతుందా?"

"ఎండకాలం వస్తున్నది గద!"

అందరం పడీపడీ నవ్వాం. శశికాంత్ నవ్వలేదు, కెమెరా ఆపేశాడు. ఉల్రికె వాదన పెంచకుండా ఆ మధ్యాహ్నమే తన చేత్తో తనే టిక్కు పెట్టేసింది.

ముడులు ఆగిపోయాయి, ఫోన్లూ ఆగిపోయాయి. నేను పొరపాటు చేసినా సర్వర్ ఒక ఎర్ర గీత చూపించి ఊరుకునేది, పొద్దున ఏం తిన్నావని అడిగేది కాదు. ఒకటి రెండు రోజులు గడిచాక గమనిస్తే శశికాంత్ పుష్ చేయడమే మానేశాడు. మీటింగుకి రాలేదు. ఒంట్లో బాలేదని ఒక మెసేజ్ పెట్టాడు.

శనివారం పొద్దున్నే భాయి ఫోన్. ఈసారి రీబేస్ మాట లేదు. నాకు భయం వేసింది.

"బిడ్డా, ఎర్లాంగెన్ పోవాలె. టెస్ట్ చేయించుకొని వస్తవా?"

"నేనెందుకు భాయ్?"

"ఒక్కన్నే పోతే కంప్యూటర్ ముచ్చటే మాట్లాడుత. నాకు ఇంకోటి రాదు."

ఆ వారమే నిబంధనలు కాస్త సడలించారు. మాస్కు పెట్టుకుని వీధి చివర నిలబడ్డాను. ఏడాది పైగా తెర మీద భుజాల దాకానే చూసిన మనిషి కారులోంచి దిగాడు, దిగుతూనే ఉన్నాడు, అంత పొడుగు! మోకాళ్ళు స్టీరింగుకి తగులుతుంటే వంకరగా కూర్చుని నడిపేవాడు. వెనక సీట్లో జవేరియా ఆపా కట్టిచ్చిన గిన్నెలు బెల్టు పెట్టుకుని కూర్చున్నాయి. చలిగాలి రివ్వున కొడుతున్నా కరోనా జాగ్రత్తకి కిటికీలన్నీ దించే ఉంచాడు.

దారిలో అడిగాను. "ఆ టిక్కు సంగతి మీకు ముందే తెలుసు కదా భాయ్? పెడితే మీకే హాయి. ఎందుకు పెట్టలేదు?"

ముందున్న లారీని దాటాడు. తర్వాత అన్నాడు.

"నేను కొత్తగ వచ్చినప్పుడు కైసర్స్‌లౌటర్న్‌ల ఒక సెలవుల టైముల అందరు ఊళ్ళకు పోయిన్రు. నాతోని మాట్లాడినోడు లేడు. రోజులకు రోజులు. ఆఖరికి బస్సుల ఒకాయన వచ్చి టికెట్ చూపియ్యమన్నడు. ఎంత సంబరమైందంటె, చూపిచ్చి, చాయ్ తాగుతవా అని అడిగిన."

"తాగాడా?"

"భయపడి దిగిపోయిండు."

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు ముందు ఆగింది.

"ముడి అంటె నాకు నిజంగనే పడదు, అబద్ధం చెప్ప. గని కరోనా వచ్చినంక ఒకటి తెలిసింది. ఎట్లున్నవ్ అని ఫోన్ చేస్తే అందరు బాగున్న అని పెట్టేస్తున్నరు. రీబేస్ చేసినవా అని తిడితే అరగంట మాట్లాడుతున్నరు. టిక్కు పెట్టినంక మీకు ఏం చెప్పి ఫోన్ చెయ్యాలె నేను? మొన్న శశికి ఊరికెనే చేసిన. ఎట్లున్నవ్ అన్న. బాగున్న అని పెట్టేసిండు."

నేను కిటికీ వైపు తిరిగాను. ఏడాదిగా నేను వేసిన ముడులన్నీ, వాటి వెనక వచ్చిన పప్పులూ పులుసులూ గుర్తొచ్చాయి.

ఎర్లాంగెన్‌లో శశికాంత్ ఉండే ఇంటి గంట నొక్కితే జవాబు లేదు. మళ్ళీ నొక్కాం. ఫోన్ ఆపేసి ఉంది. భాయి రోడ్డు మధ్యలోకి వెళ్ళి, మాస్కు కిందికి లాగి, మూడో అంతస్తు వైపు చూస్తూ ఎర్లాంగెన్ మొత్తం వినేలా కేకేశాడు.

"శశీ! రీబేస్ చేసినవారా?"

సైకిల్ మీద పోతున్న ఇద్దరు ముసలివాళ్ళు బ్రేకు వేశారు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. తర్వాత పైన, మూడో అంతస్తు కిటికీ. గడ్డం పెరిగిన ముఖం ఒకటి బయటికి వచ్చింది.

"భాయ్, టిక్కు పెట్టిన్రు గదా. ఎట్లా చెయ్యాలె?" అన్నాడు శశికాంత్.

నది ఒడ్డున గడ్డి మీద కూర్చున్నాం, మనిషికీ మనిషికీ దూరం వదిలి. గిన్నెలు తెరిచాం. బగారన్నం, దాల్చా. శశికాంత్ నాలుగు ముద్దలు గబగబా తిని, ఆగి, పళ్ళెం కింద పెట్టాడు.

"అక్క పోయింది భాయ్."

అతనికి తల్లి చిన్నప్పుడే పోతే శాంతక్కే పెంచింది. బడికి తయారుచేసింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది. జర్మనీ వచ్చాక, సాయంత్రం అతను వంట మొదలుపెట్టే వేళకి రోజూ ఫోన్ చేసేది. అక్కడ ఆమెకి పడుకునే వేళైనా సరే. ఫోన్ పొయ్యి పక్కన ఆనించి పెట్టుకుంటే, ఉప్పు ఇంకొంచెం, మంట తగ్గించు, అని అక్కడినుంచే చెప్పేది. మే నెలలో హాస్పిటల్లో చేర్చారు. ఫోన్ ఆగింది. తర్వాత ఒక మధ్యాహ్నం బావ వీడియో కాల్ చేసి, దూరంగా చితి మంట చూపించాడు. మధ్యలో నెట్‌వర్క్ పోయింది.

"అందరికి చెప్పాలంటె నోరు రాలె భాయ్. కానీ సాయంత్రం ఆ టైముకి ఫోన్ మోగకుంటె పొయ్యి ముట్టిచ్చుడు నాతోని అయితలేదు. ఎవరిదైనా సరే, మోగాలె. నేనే ఎవరికన్న చేసి ఏం చెప్పాలె, ఏడుపొస్తుందని చెప్పాలెనా? మీరైతే ముడి కనవడంగనే ఆగరు గదా. అందుకని..."

"నాకు తెల్వదారా?" అన్నాడు భాయి. "ఇన్నేండ్ల సంది ఒక్క ముడి వెయ్యనోడు రోజు సాయంత్రం అదే టైముకు ముడేస్తడా? ఎందుకో తెల్వదు గని, కావాలని వేస్తున్నవని తెలుసు."

"మరి అన్ని తిట్లు తిట్టిన్రు?"

"తిట్టకుంటె నీకు అనుమానం రాదూ? ఇంట్ల ముందుగాల్నే ప్రాక్టీసు చేసుకునేటోన్ని. కొత్త తిట్లు దొరక్క జవేరియాను అడిగిన."

శశికాంత్ ఫక్కున నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చి, మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. భాయి దూరం వదలాలన్నది మర్చిపోయి పక్కకి జరిగి వీపు మీద చెయ్యి వేశాడు. కాసేపటికి ఇంకో గరిటె అన్నం పళ్ళెంలో వడ్డించి, "అక్క ఏం వండేది?" అని అడిగాడు.

అంతే. చింతచిగురు పప్పు దగ్గర మొదలుపెట్టి శశికాంత్ మాట్లాడుతూనే ఉన్నాడు. అతని గొంతు అంతసేపు నేనెప్పుడూ వినలేదు. నది మీద ఎండ పలచబడేదాకా శాంతక్క గురించి విన్నాం. ఆమె బస్సు కండక్టర్‌తో పెట్టుకున్న తగవు చెప్పినప్పుడు ముగ్గురం పగలబడి నవ్వాం. కళ్ళు తుడుచుకోవడం ఎవరూ దాచుకోలేదు.

సోమవారం భాయి ఉల్రికెకి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. సర్వర్ వేడెక్కుతుందన్న మాట అబద్ధమనీ ఒప్పుకున్నాడు. ఆవిడ అంతా విని "అలాగా" అందట, అంతే. శశికాంత్‌కి సెలవు ఇచ్చింది. సెట్టింగుల్లో టిక్కు మాయమైంది. మీటింగులో ఎవరూ దాని మాట ఎత్తలేదు.

శశికాంత్ తిరిగి పనిలో చేరాడు. అతని గీత మళ్ళీ తిన్నగా సాగింది. ఇక ముడి వేయాల్సిన పనిలేదు. సాయంత్రం వంట వేళకి జవేరియా ఆపానే ఫోన్ చేసి ఉప్పెంత వేశావని అడిగేది. నా ముడులు మాత్రం తగ్గలేదు. వాటిలో పొరపాటున పడినవెన్నో నన్ను అడక్కండి.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం, పుష్ చేయబోతూ గ్రాఫ్ తెరిచాను. కొత్త ముడి ఒకటి, లావుగా, నిక్షేపంగా పడి ఉంది. పక్కన ఉల్రికె పేరు. కంపెనీలో చేరినప్పటినుంచీ ఒక్క తప్పు చేయని ఉల్రికె!

వెంటనే భాయికి ఫోన్ చేశాను. ఎంగేజ్. టీ పెట్టుకుని, తాగి, మళ్ళీ చేశాను. ఎంగేజ్. బట్టలు ఆరేసి వచ్చి చేశాను. అప్పుడూ ఎంగేజే. చివరికి జవేరియా ఆపాకి మెసేజ్ పెట్టాను, భాయి ఎక్కడున్నారని.

జవాబు వచ్చింది: "ఉల్రికె వాళ్ళమ్మ ముచ్చట్లు చెప్తుంటే వింటున్నడు. మధ్యమధ్యల తిడుతున్నడు కూడ. నీ పుష్ రేపు చేస్కో."